వెన్నెల్లో మిట్టమధ్యాహ్నం

పదకొండు రోజులుగా మా హాల్లో ఘటోత్కచుడు మధ్యాహ్నం సీరియల్లో మామగారిలా తిరుగుతున్నాడు. గద ఊపితే అది అట్టగద అని తెలిసిపోతోంది. ఇక పడవ పాట సంగతి చెప్పకండి. 1957లో ‘మాయాబజార్’ కోసం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కెమెరాతో పండించిన వెన్నెల అది. మా కొత్త టీవీ ‘వివిడ్’ మోడ్ పెట్టి, దాన్ని నీలిమందు ఎక్కువైన పంచెలా ఆరేసింది.

“ఆ సీరియల్ వాలకం మోషన్ స్మూతింగ్ వల్ల నాన్నా, దాన్ని ఆఫ్ చేసెయ్” అన్నాడు మావాడు బెంగళూరు నుంచి. చేసెయ్యడానికి ఆ పేరుతో మెనూలో ఏదీ ఉంటేగా! ఒక్కో కంపెనీ దానికో ముద్దుపేరు పెట్టుకుంది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. టీవీ 60 చూపించగలదు. ఊరికే కూర్చోవడం దానికి నామోషీ. అందుకని మధ్యలో లేని ఫ్రేముల్ని తనే ఊహించి ఇరికిస్తుంది, పక్కింటి కూరలో అడక్కుండా ఉప్పేసినట్టు. దీన్ని ఆపుకోండి బాబూ అని 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు దర్శకుణ్ణి పక్కన పెట్టుకుని వీడియోలో బతిమాలాడు. విమానానికి వేలాడినవాడే ఈ మెనూకి దణ్ణం పెడితే, పింఛనుదారుణ్ణి నేనెంత?

పోనీ మిగతా మాటలైనా వాటి అర్థానికి కట్టుబడతాయా? మా టీవీలో బ్రైట్‌నెస్ పెంచితే వెలుతురు పెరగదు, నలుపు బూడిదవుతుంది. వెలుతురు కావాలంటే బ్యాక్‌లైట్‌ని అడగాలి. షార్ప్‌నెస్ పెంచితే బొమ్మలో లేని స్పష్టత రాదు, అంచులకి కాటుక పూస్తుంది. ‘వివిడ్’ అనేది అసలు ఇంటికోసం కాదట, షోరూములో ట్యూబ్‌లైట్ల కింద పక్క టీవీని ఓడించడానికట. ‘ఇల్లా, షాపా’ అని మొదటిరోజు టీవీ అడిగినప్పుడు, బిగించడానికొచ్చిన కుర్రాడు షాపని నొక్కి వెళ్లిపోయాడు. అప్పటినుంచి కొన్న టీవీయే నాకు మళ్లీ అమ్ముడుపోవాలని చూస్తోంది.

దీనికి తోడు వైఫై. మా రౌటరు 2.4, 5 అని రెండు పేర్లతో కనిపిస్తుంది. 5 కొత్తల్లుడి టైపు: హడావిడి ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసం. 2.4 నెమ్మదస్తుడు, రెండు గోడలైనా దాటుకుని వస్తాడు. ఇంట్లో ప్రతి వస్తువుకీ రౌటరే ఓ నంబరు ఇస్తుంది, రేషన్ షాపులో టోకెన్‌లా. దాని పేరు డీహెచ్‌సీపీ. అది అలిగిన పూట తెరమీద ‘ఐపీ అడ్రస్ లేదు’ అని వస్తుంది. “ముప్ఫై ఏళ్లుగా ఇదే ఇంట్లో ఉంటుంటే అడ్రస్ లేదంటుందేమిటండీ?” అని మా ఆవిడ తన కోపమంతా నామీద చూపించింది.

అసలు సిసలు స్మార్ట్ టీవీ ‘మాయాబజార్’లోనే ఉంది: ప్రియదర్శిని పెట్టె. మూత తీస్తే చాలు, ఎవరికి ప్రియమైంది వాళ్లకి కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. అభిమన్యుడి మొహం పాలిపోయిందని ఎవరూ కలర్ టెంపరేచర్ మార్చలేదు. ద్వారకలో అన్ని గోడలున్నా సిగ్నల్ తెగలేదు. అదే ఇప్పటి పెట్టె అయ్యుంటే? పాస్‌వర్డ్‌లో మొదటక్షరం పెద్దదా చిన్నదా తేలక మూడోసారికి బలరాముడు నాగలి ఎత్తేవాడు. నగలు కనబడేముందు రేవతి రెండు బంగారు రుణాల ప్రకటనలు చూసేది. ‘అప్‌డేట్ జరుగుతోంది, స్విచ్ ఆపకండి’ అని వచ్చి శశిరేఖ పెళ్లిముహూర్తం దాటిపోయేది. శకునిని ఒక్కసారి చూసిన పాపానికి కృష్ణుడికి నెల్లాళ్లపాటు పాచికల ప్రకటనలే!

నిన్న ఆరోసారి ఫోన్ చేస్తే మావాడు ‘ప్చ్’ అన్నాడు.

ఆ ‘ప్చ్’ నేనెరుగుదును. అది నాదే. మా నాన్నగారు పెద్దతనంలో రిమోట్ మీద ఏదో నొక్కేసేవారు. టీవీ ఏవీ మోడ్‌లోకి వెళ్లిపోయేది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ నీలం తెర ఎదురుగా, పొద్దున చదివిన పేపరే మళ్లీ చదువుతూ కూర్చునేవారు. వార్తల టైము దాటిపోయేది. నేను చెప్పులైనా విప్పకుండా బటన్ నొక్కి, ‘ప్చ్’ అని లోపలికి వెళ్లేవాణ్ణి. అన్నిసార్లు నొక్కానుగానీ, అది ఏ బటనో ఆయనకి ఒక్కసారీ చూపించలేదు.

రాత్రి ఎలాగో ‘సినిమా’ మోడ్ దొరికింది. వెన్నెల వెన్నెలైంది. ఐపీ అడ్రస్ మాత్రం ఇంకా పూటకోసారి మాయమవుతూనే ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా నీలం తెర ముందు కూర్చుని ఉంటే, ఆ బటన్ మీరు నొక్కకండి. పక్కన కూర్చుని వాళ్ల వేలితోనే నొక్కించండి.