కొలిచి పోసిన మగ్గు

మా రోజుల్లో రమ్ము సీసా సిపాయి చేతికి వచ్చేది కాదు, మగ్గులోకి వచ్చేది. కొండల మీద, చలి పోస్టుల్లో సాయంత్రం రోల్‌కాల్ అయ్యాక లైన్లో నిలబడితే హవల్దారు పెగ్గు కొలిచి పోసేవాడు. పక్కనే సుబేదార్ సాబ్ చేతులు వెనక్కి కట్టుకుని చూస్తుండేవారు. అక్కడే నీళ్ళు కలుపుకోవాలి, అక్కడే తాగాలి, లంగర్లో రొట్టె తిని పడుకోవాలి. రేపటి వాటా ఇవాళే అడిగినవాడికి పొద్దున్నే వీపు మీద పిట్ఠూ సంచీ, గ్రౌండు చుట్టూ పరుగూ. పక్కవాడి మగ్గు మీద కన్నేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. తాగని కుర్రాడి పక్కన నిలబడ్డానికి లైన్లో తోపులాట జరిగేది. అయినా ఎవడి కడుపులో ఎంత పడిందో హవల్దారుకి తెలుసు. తెల్లారి పీటీలో ఎవడి కాళ్ళు తడబడినా ముందు ఆయన్నే నిలదీసేవారు మరి.

ట్రైనింగు సెంటర్లో రంగ్రూటుకైతే వాసన కూడా తగలనిచ్చేవాళ్ళు కాదు. ప్రమాణం చేయించే కసమ్ పరేడ్ అయ్యి యూనిట్‌కి వచ్చాక కూడా, మీసం సరిగ్గా రాని కుర్రాడు యూనిట్ విందు బడాఖానాలో గ్లాసు పట్టుకుంటే ఉస్తాద్ ఒక్క చూపు చూసేవాడు. గ్లాసు దానంతటదే బల్ల మీదికి వెళ్ళిపోయేది.

ఇప్పుడో? సెలవుకొచ్చిన కుర్రాడు స్టేషన్లో దిగీ దిగగానే స్నేహితులతో హైవే దాబాకి పోతాడు. సీసాతో రీలు తీస్తాడు, యూనిఫాం టోపీ ఆ సీసాకి పెడతాడు. మా కాలంలో ఆ టోపీ నేల మీద పడితేనే గార్డ్‌రూమ్‌కి పంపేవాళ్ళు.

ఇదంతా చెబితే మా చెల్లెలి మనవడు వాదనకి దిగాడు. వాడింకా మిలటరీలో చేరలేదు, ఫిజికల్‌కి పరుగులు తీస్తున్నాడు. "తాతయ్యా, దేశం కోసం ప్రాణమివ్వడానికి పద్దెనిమిదేళ్ళు చాలినప్పుడు గ్లాసు పట్టుకోవడానికి చాలవా? తుపాకీ ఇస్తారు గానీ పెగ్గు ఇవ్వరా?" అన్నాడు. ప్రపంచమంతా ఈ మాటే అంటుందట. అమెరికావాళ్ళు వియత్నాం యుద్ధం రోజుల్లో ఇదే మాటతో 1971లో ఓటు వయసు పద్దెనిమిదికి దించుకున్నారు. ఆ ఊపులో చాలా రాష్ట్రాలు తాగుడు వయసూ దించాయి. తర్వాత రోడ్ల మీద పిల్లలు చచ్చిపోతుంటే 1984లో చట్టం చేసి మళ్ళీ ఇరవైఒకటికి ఎక్కించారు.

నేనన్నాను: "ఒరే, తుపాకీ నీకెవడిచ్చాడ్రా? కోత్‌లోంచి, అంటే ఆయుధాల గదిలోంచి, సంతకం పెట్టించుకుని ఇస్తారు. పనయ్యాక తుడిపించి మళ్ళీ కోత్‌లో పెట్టించుకుంటారు. ఫైరింగ్ రేంజిలో ఒక్క ఖాళీ తూటా తొడుగు తగ్గిందంటే కంపెనీ మొత్తాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి గడ్డి దువ్విస్తారు. తుపాకీ లెక్కనే మందూ కావాలంటావా? సరే, అడుగు. లెక్కపెట్టి ఇచ్చేవాడూ, లెక్క అడిగేవాడూ ఉన్నచోట తాగు." వాడు ఫోన్లోకి తల దూర్చాడు. వాదనలో ఓడితే ఈ కాలం పిల్లలకి అదొక బంకరు.

చట్టం సంగతి చూద్దామా అంటే అది ఊరికో తీరు. మన రెండు రాష్ట్రాల్లో ఇరవైఒకటి, గోవాలో పద్దెనిమిది, ఢిల్లీలో ఇరవైఐదు, గుజరాత్‌లో అసలుకే నిషేధం. పోస్టింగు మారితే కుర్రాడి వయసు కూడా మారిపోతుందన్నమాట. మిలటరీ సంగతి వేరని కోర్టు ఎప్పుడో చెప్పింది. బొంబాయి మద్యనిషేధం మీద బల్సారా కేసులో 1951లోనే సుప్రీంకోర్టు, సైన్యం మెస్సులకి మినహాయింపు ఇవ్వడం తప్పు కాదంది. వాళ్ళ బతుకు తీరు వేరు, దాన్ని అదుపులో పెట్టే నియమాలూ వేరు అని. ఆ రెండో ముక్క ఎవరికీ గుర్తుండదు. ఆర్మీ యాక్టు సెక్షన్ 48 తిప్పి చూడండి: తప్పతాగి కనబడితే డ్యూటీలో ఉన్నా లేకపోయినా నేరమే. సిపాయికి రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు, డ్యూటీలో లేకపోతే ఆరునెలలు.

చలికి రమ్ము మందని మా కాలంలో అందరూ నమ్మారు. అది ఒట్టిదని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు, నిజమే చెబుతున్నారు. చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుని ఒళ్ళు వెచ్చబడినట్టుంటుంది గానీ, లోపలి వేడి బయటికి పోతుంది. ఈ అలవాటు మనకంటించిన ఇంగ్లీషువాళ్ళే వాళ్ళ నేవీలో రోజువారీ రమ్ముని 1970 జూలై 31తో మానేశారు.

అసలు కుర్రాణ్ణి చెడగొట్టేది బోర్డరు కాదు, ఊరు. నేను సెలవుకొచ్చి బస్సు దిగితే ఆరోగ్యం ఎలా ఉందని అడిగేవాళ్ళకన్నా నల్ల ట్రంకు ఎత్తి బరువు చూసేవాళ్ళు ఎక్కువ. "బావా, మిలటరీ మందు తెచ్చావా?" దేవుడి ప్రసాదమన్నట్టు అడుగుతారు. మిలటరీ మాధవరంలో అయితే చాలా ఇళ్ళలో ఫౌజీలున్నారు కాబట్టి బాధ పంచుకునే మనుషులుంటారు. మా ఊళ్ళో నేనొక్కణ్ణే. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టాక నాకు కొత్త చుట్టాలు పుట్టుకొచ్చారు. నేను ఇచ్చానా లేదా అన్నది ఇక్కడ అనవసరం. సీసా మీద రక్షణ సిబ్బందికి మాత్రమే అని రాసి ఉంటుంది. మనవాళ్ళకి ఆ అక్షరాలే రుచి. పెళ్ళికి, బారసాలకి, పొలం రిజిస్ట్రేషన్‌కి కూడా పక్కింటి ఫౌజీ క్యాంటీన్ కార్డే దిక్కు. పాతికేళ్ళు సర్వీసు చేసినవాడు దీన్ని నవ్వి తప్పించుకోగలడు. పంతొమ్మిదేళ్ళవాడు ఎలా తప్పించుకుంటాడు? పెద్దమనిషినయ్యానని ఛాతీ విరుచుకుని పోస్తాడు, వాళ్ళతో కూర్చుని తాగుతాడు.

మా రోజులకీ ఈ రోజులకీ అసలు తేడా ఇంకొకటుంది. మేము చేరితే పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు అదే పల్టన్. తాగుడు నేర్పినవాడే దాన్ని అదుపులో పెట్టడమూ నేర్పేవాడు. 2022లో అగ్నిపథ్ వచ్చింది. పదిహేడున్నరకే చేరొచ్చు. నాలుగేళ్ళయ్యాక నలుగురిలో ఒక్కణ్ణే ఉంచుకుంటారు. మిగతా ముగ్గురికీ సేవానిధి డబ్బిచ్చి ఇంటికి పంపుతారు. పింఛనుండదు, ఎక్స్ సర్వీస్‌మన్ హోదా ఉండదు, క్యాంటీనుండదు. పదిహేడున్నరకి చేరినవాడి లెక్క చూడండి: మన రాష్ట్రంలో షాపుకెళ్ళి సీసా కొనే వయసొచ్చిన ఆరునెలలకి ఉద్యోగం అయిపోతుంది. ఇలాంటివాడికి రెజిమెంటులో తాగుడు అలవాటు చేస్తే, ఇంటికి ఆ అలవాటొక్కటే వస్తుంది. హవల్దారు రాడు, రోల్‌కాల్ రాదు. చేతిలో లక్షలుంటాయి, పనుండదు, చుట్టూ బావలుంటారు.

అందుకే నన్నడిగితే ఆ నాలుగేళ్ళూ అగ్నివీరుడికి చుక్క పోయకూడదు. బోర్డరులో అయినా సరే, బడాఖానాలో అయినా సరే. మగ్గులో టీ పోయండి, ఇంకో గుడ్డు పెట్టండి. ఉద్యోగం పక్కా అయి ఉండిపోయిన ఆ నాలుగోవాడికి మాత్రం మా లెక్కనే కొలిచి పోయండి, హవల్దారు ముందు.

ఇక ఊళ్ళో పెద్దలకి ఒక మాట. సెలవుకొచ్చిన కుర్రాణ్ణి ట్రంకులో ఏం తెచ్చావని అడక్కండి.