మీటరు దాకా, మీటరు తర్వాత: వర్ధన్నపేటలోని ఒక కరెంటు మీటరు ఆత్మకథ

కరెంటు మీటరు అనేది ఒక ఇంట్లో ఖర్చయిన విద్యుత్తును కొలిచి, ఆ కొలతను ఎప్పటికప్పుడు కూడుకుంటూ నిలిపి ఉంచే పరికరం. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఖర్చయ్యే విద్యుత్తును ఒక యూనిట్ అంటారు, దానికే కిలోవాట్ అవర్ అని మరో పేరు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే జాతీయ రహదారి మీద ఉన్న వర్ధన్నపేటలో, రోడ్డుకు ఒక గల్లీ లోపల, ఒక కిరాయి ఇంటి వసారా గోడకు బిగించి ఉన్న సింగిల్ ఫేజ్ మీటరు చరిత్ర ఇది. చెప్పేది కూడా ఆ మీటరే. అయితే లెక్క చెప్పడమే తప్ప తన గొప్ప చెప్పుకోవడం మీటరుకు అలవాటు లేని పని కాబట్టి, శాస్త్రగ్రంథాల మర్యాదను పాటించి అది తనను అంతటా ‘ఈ మీటరు’ అనే పేర్కొంటుంది.

ఈ మీటరు ముఖం మీద ఇప్పటికీ ఏపీఎన్‌పీడీసీఎల్ అన్న అక్షరాలే ఉన్నాయి. 2000 సంవత్సరంలో ఏర్పడిన ఆ పంపిణీ సంస్థ 2014లో రాష్ట్రం విడిపోయాక టీఎస్‌ఎన్‌పీడీసీఎల్‌గా, ఆ తర్వాత టీజీఎన్‌పీడీసీఎల్‌గా పేరు మార్చుకున్నా, ఈ మీటరు మాత్రం ఉన్న చోటు నుంచి కదలలేదు. కార్ఖానా నుంచి బయటికి రాకముందే దీన్ని ఐఎస్ 13779 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి, క్లాస్ 1 అని ముద్ర వేశారు. నిర్దేశించిన పరిస్థితుల్లో కొలతలో తేడా నూటికి ఒకటికి మించకూడదని దాని అర్థం. పాత మీటర్లలో తిరిగే అల్యూమినియం చక్రానికి బదులు దీనికి చిన్న ఎర్ర దీపం ఉంది, అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ పూర్తయినట్టు. అంటే పుట్టుక నుంచి పరీక్షలు, సీళ్లు, నెలనెలా రీడింగులు తప్ప ఈ మీటరుకు వేరే జీవితం లేదు. తనిఖీ అంటే ఏమిటో, ఏది కాదో దీనికి తెలిసినంతగా ఆ ఇంట్లో మరే వస్తువుకూ తెలియదు.

విద్యుత్ సరఫరాలో ఒక సరిహద్దు గీత ఉంది. స్తంభం నుంచి సర్వీసు వైరు వచ్చి మీటరులో చేరేదాకా బాధ్యత సంస్థది. మీటరు దాటి ఇంట్లోకి పోయిన తీగలు, స్విచ్చి బోర్డులు, ఎర్తింగ్, మోటారు అన్నీ వినియోగదారు బాధ్యత. సొంత ఇంట్లో ఈ గీత వల్ల చిక్కేమీ లేదు. కిరాయి ఇంట్లో మాత్రం కాగితాల మీద వినియోగదారు ఇంటి ఓనరు, స్విచ్చి వేసేది కిరాయిదారు. ఇద్దరిలో ప్రతి ఒక్కరూ అవతలివారు చూసుకుంటారనుకుంటే, మీటరు తర్వాతి భాగమంతా ఎవరిదీ కాకుండా పోతుంది. కిరాయి ఇళ్లు పాడవడంలో సగం ఈ ఎవరిదీ కాని చోటే మొదలవుతుందని ఈ మీటరు అభిప్రాయం.

చట్టం ఈ ఖాళీని ఏనాడో గుర్తించింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్, ఒప్పందంలో వేరే మాట రాసుకోనప్పుడు, ఓనరుకూ కిరాయిదారుకూ ఉండే హక్కులను, విధులను వరుసగా చెబుతుంది. ఓనరుగానీ అతని మనిషిగానీ సమంజసమైన వేళల్లో లోపలికి వచ్చి ఇంటి పరిస్థితిని చూడడానికి కిరాయిదారు ఒప్పుకోవాలి. కనిపించిన లోపాన్ని ఓనరు నోటీసుగా తెలపవచ్చు. ఆ లోపం కిరాయిదారు వల్లే కలిగిందైతే మూడు నెలల లోపు అతడే బాగుచేయాలి. ఖాళీ చేసేటప్పుడు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, అయితే వాడుక వల్ల వచ్చే సహజమైన అరుగుదలను లెక్కలోకి తీసుకోకూడదు. ఇదే సెక్షన్ రెండో వైపు కూడా చూసింది: తాను చేయించాల్సిన మరమ్మతును ఓనరు చెప్పినా చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును కిరాయిలో వడ్డీతో సహా కోసుకోవచ్చు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 107వ సెక్షన్ చెప్పడం వల్ల, అందరూ పదకొండు నెలల అగ్రిమెంటుకు అలవాటుపడ్డారు; స్టాంపు కాగితం మీద అందరికీ ఒకటే మూసగా టైపయ్యే ఆ అగ్రిమెంటులో కిరాయి, అడ్వాన్సు, పేర్లు తప్ప ఇంటి పరిస్థితి గురించి ఒక్క ముక్క ఉండడం ఈ మీటరు ఎరగదు.

మొదటి రోజుల్లో ఓనరు ప్రతి నెలా మొదటి వారంలో హనుమకొండ నుంచి బస్సులో వచ్చేవాడు. వచ్చేది కిరాయి కోసమే, కాని వచ్చిన మనిషి కళ్లు ఊరికే ఉండవు. నల్లా కారుతుంటే వినపడేది, గోడ మీద చెమ్మ మచ్చ కనపడేది, వంటింటి తలుపు నేలకు రాసుకుంటున్నదని కిరాయిదారు భార్య చాయ్ గ్లాసు చేతికిస్తూనే చెప్పేది. దానికి తనిఖీ అన్న పేరు ఎవరూ పెట్టలేదు. ఆ రాకపోకల్లో కిరాయిదారులకు ఇబ్బంది కూడా ఉండేది, ముందు చెప్పకుండా వచ్చి వంటింటి దాకా నడిచే ఓనరును చూసి కొంగు సర్దుకుంటూ గోడకు ఒత్తుకుని నిలబడ్డవాళ్లను ఈ మీటరు చూసింది. అయినా ఇంటికి ఆ చూపు మేలే చేసింది. తర్వాత కిరాయి ఫోనులో పడడం మొదలైంది. ఫోన్‌పేలో డబ్బులు చేరినట్టు టింగుమని శబ్దం వస్తే చాలు, బస్సెక్కే పని లేదు. కిరాయి వసూలు సులువై, దాని చాటున నడిచిన తనిఖీ మాత్రం ఎవరూ గమనించకుండానే ఆగిపోయింది. ఆ తర్వాత నెలనెలా ఆ గడప తొక్కే బయటి మనిషి ఒక్క రీడింగు తీసే అతనే అయ్యాడు, అతని పని మీటరు అంకెతోనే ముగుస్తుంది.

ఇక్కడ ఈ మీటరులోని ఒక చిన్న అమరికను కాస్త వివరంగా చెప్పాలి. ఇంట్లోకి కరెంటు ఫేజు తీగ ద్వారా పోయి న్యూట్రల్ తీగ ద్వారా తిరిగి వస్తుంది. పోయినదీ వచ్చినదీ సమానంగా ఉండాలి. ఎక్కడో తీగ తొడుగు చిట్లి, తడి గోడ గుండా కొంత కరెంటు భూమిలోకి జారిపోతే, వెనక్కి వచ్చేది తగ్గుతుంది. ఈ మీటరు రెండు తీగలనూ విడివిడిగా కొలుస్తుంది కాబట్టి ఆ తేడాను పసిగట్టి, ముఖం మీద ఈఎల్, అంటే ఎర్త్ లోడ్ అన్న అక్షరాల పక్కనున్న దీపాన్ని వెలిగిస్తుంది. రెండింటిలో ఎక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి భూమిలోకి పోయిన కరెంటుకు కూడా బిల్లు పడుతుంది. ఒక వానాకాలం ఆ దీపం వెలిగింది. మేడ మీది నీళ్ల ట్యాంకు పైపు జాయింటు దగ్గర కారుతున్న నీరు స్లాబు అంచు వెంట నడిచి, మోటారు స్విచ్చికి పోయే తీగలున్న గోడలోకి దిగింది. రీడింగు తీసే అతను అంకె చూసుకుని బిల్లు చింపి ఇచ్చి వెళ్లిపోయాడు. అది అతని తప్పు కాదు, అతణ్ని పంపింది అంకె కోసమే. కిరాయికి ఉన్న ఇల్లాలు మాత్రం ఫోను చేసి, “అన్నా, నల్లా ముట్టుకుంటే జిల్లుమంటుంది” అని చెప్పింది. “వానలు గద చెల్లె, ఎండ గొడితే అదే పోతది” అన్నాడు ఓనరు. నిజంగానే దసరా దాటాక గోడ ఆరింది, దీపం ఆరిపోయింది, ఓనరు మాటే నిజమైనట్టు అనిపించింది.

వానాకాలపు లోపాలతో వచ్చే చిక్కు ఇదే. అవి ఎండల్లో దాక్కుంటాయి, కాని లోపల పని ఆపవు. స్లాబులోని ఇనుప రాడు తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలదీస్తుంది. దాన్నే పెచ్చులూడడం అంటారు. మరుసటి వానాకాలం ఒక రాత్రి వంటింటి పైకప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి గ్యాస్ పొయ్యి మీద పడింది. పొద్దుటిపూటయితే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఆ రెండేళ్ల బిల్లులను పక్కపక్కన పెట్టి చూసినవారికి సంగతి ముందే అర్థమయ్యేది: అదే కుటుంబం, అవే ఫ్యాన్లు, అయినా చల్లబడ్డ జూలై, ఆగస్టులలో యూనిట్లు మే నెలతో సమానంగా ఉన్నాయి. కాని ఆ బిల్లులు కిరాయిదారు ఇంట్లో మేకుకు గుచ్చి ఉన్నాయి, బాగుచేయించాల్సిన మనిషి హనుమకొండలో ఉన్నాడు.

ఇంటి ముందు గది సంగతి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. సామాన్లు పెట్టుకోవడానికని తీసుకున్న ఆ గదికి కిరాయిదారు షట్టరు పెట్టించి, మడిగెగా మార్చి, జిరాక్స్ మిషన్లు నడిపాడు, కరెంటు మాత్రం గృహ కేటగిరీలోని ఈ మీటరు నుంచే పోయింది. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ దీన్ని అనధికార వినియోగం అంటుంది; అలాంటి వాడకానికి వర్తించే రేటుకు రెండింతలు లెక్కగట్టవచ్చు, ఎప్పటి నుంచి నడుస్తోందో తేలకపోతే వెనకటి పన్నెండు నెలల దాకా వేయవచ్చు. నోటీసు సర్వీసు ఎవరి పేరున ఉందో వారికే, అంటే ఓనరుకే వచ్చింది. అప్పటికి మడిగె ఖాళీ. ఆ ఏడాదిలో ఒక్కసారి గల్లీలోకి తొంగిచూసినా, మడిగె బోర్డు కనిపించేది.

ఓనరు పెద్దవాడయ్యాక ఇంటి వ్యవహారం ఆయన బిడ్డ చేతికి వచ్చింది. ఆమె ఏడాదికి రెండుసార్లు, మృగశిర కార్తె రాకముందు ఒకసారి, దీపావళి వెళ్లాక ఒకసారి వస్తుంది. ఒక రోజు ముందే ఫోనులో సందేశం పెట్టి, పట్టపగలే వస్తుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఈ పద్ధతినే చెబుతుంది: కనీసం 24 గంటల ముందు నోటీసు, అందులో కారణం, వేళ, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత లోపలికి పోకూడదు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది, కాని మర్యాదకు అమలు తేదీ అక్కరలేదు కదా.

ఆమె తనిఖీ ఈ మీటరు దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపించి, ఎర్ర దీపం మిణుకుమనడం ఆగిందా అని చూస్తుంది. ఆగకపోతే ఎక్కడో కరెంటు కారుతున్నట్టో, తెలియని వాడకం ఉన్నట్టో లెక్క. తర్వాత బోర్డులోని ఆర్‌సీసీబీ మీద టీ అని రాసి ఉన్న బటను నొక్కుతుంది. ఆర్‌సీసీబీ అంటే భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో వందకు మూడు వంతులు జారినా సరఫరాను తెంపే రక్షణ పరికరం, బటను నొక్కినప్పుడు అది పడిపోకపోతే ప్రమాదంలోనూ పడదు. ఆపైన సర్వీసు వైరు రేకుల అంచుకు రాసుకుంటోందా, బట్టలారేసే దండేనికి కట్టిన ఇనుప తీగ ఏ కరెంటు తీగకైనా దగ్గరగా ఉందా అని చూస్తుంది. వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో దండెం తీగకు కరెంటు పాకి ప్రాణాలు పోయిన వార్తలు కొత్తవి కావు. ట్యాంకు, స్లాబు, బాత్రూము ఆ తర్వాతే. బీరువాలు, గిన్నెలు, మంచాల జోలికి పోదు. చూడాల్సింది ఇంటిని, ఇంట్లో ఉన్నవాళ్లను కాదు. ఈ తేడా తెలియని ఓనర్ల వల్లే తనిఖీ అన్న మాట వినగానే కిరాయిదారులకు ఒళ్లు మండుతుంది.

చూసినదంతా ఒక పొడుగు నోటుబుక్కులో రాసి, ఇద్దరూ సంతకాలు పెడతారు. ప్రతిసారీ అదే చోట నిలబడి అదే గోడకు ఫోటో తీస్తారు. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం, అది వర్తించే ఇళ్లలో, భవనం విలువను గట్టిగా దెబ్బతీసే పనులు చేసిన కిరాయిదారును ఖాళీ చేయించడానికి వీలిస్తుంది. కాని దెబ్బ ముందునుంచీ ఉందా, తర్వాత వచ్చిందా అన్నది తేలాలంటే ముందు ఎలా ఉండేదో ఎక్కడో రాసి ఉండాలి. నోటుబుక్కు ఎక్కువగా పనికొచ్చింది మాత్రం కిరాయిదారుకే. వెళ్లిపోతున్న కుటుంబం అడ్వాన్సులో సున్నం ఖర్చు కోయాలన్న మాట వచ్చినప్పుడు, ఆ చెమ్మ మచ్చ వాళ్లు రాకముందు తీసిన ఫోటోలోనే ఉందని తేలి, డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది.

2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి పథకం వచ్చాక కిరాయిదారుకు మీటరు మీద మరింత శ్రద్ధ పెరిగింది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు, కిరాయికి ఉన్నవారికి కూడా, సున్నా బిల్లు వస్తుంది. గీత దాటితే మొత్తం కట్టాలి. 2022-23 టారిఫ్ రేట్ల ప్రకారం 205 యూనిట్లకు, మొదటి 200కు యూనిట్‌కు రూ. 5.10, ఆపై ఐదింటికి రూ. 7.70 చొప్పున, విద్యుత్ ఛార్జీ ఒక్కటే రూ. 1058.50 అవుతుంది. గోడలోకి జారిపోయే నాలుగు యూనిట్లు ఓనరు తలనొప్పి అనుకునే రోజులు అలా పోయాయి.

పనుల పంపకంలో వాదనలు ఇంకా ఉన్నాయి. నమూనా చట్టంలోని రెండో షెడ్యూలు సున్నాలు, పైపులు, వైరింగ్‌ను ఓనరు వైపు వేసి, నల్లాల వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, మోరీ శుభ్రం వంటివాటిని కిరాయిదారు వైపు వేసింది. మొన్నటి తనిఖీలో బటను నొక్కినా ఆర్‌సీసీబీ పడలేదు. అది వైరింగ్ కిందికి వస్తుందా, స్విచ్చుల కిందికి వస్తుందా అన్నదాని మీద వసారాలో కాసేపు మాటలు నడిచాయి. చివరికి కొత్తది కొనిపెట్టడం ఓనరు బిడ్డ వంతు, నెలకోసారి రీడింగు తీసే అతను వచ్చిన రోజే దాని బటను నొక్కి చూసి సందేశం పెట్టడం కిరాయికి ఉన్న ఇల్లాలి వంతు అని నోటుబుక్కులో రాసుకున్నారు.