గైడు గారి మహిమ

పాతబస్తీ గాలం రాయుళ్లలో ఈమధ్య హోదా కొలిచే పద్ధతి మారింది. ఎంత చేప పట్టావని ఎవరూ అడగడం లేదు. "రాడ్‌కు ఏ గైడ్లు వేయించావు భాయ్?" అని అడుగుతున్నారు. ఆదివారం తెల్లవారకముందే బండ్ల మీద హిమాయత్‌సాగర్‌కు బయల్దేరే బృందంలో ఒకడి రాడ్‌కు జపాన్ రింగులుంటే చాలు, మిగతావాళ్లు లేచి చోటిస్తారు. సాయంత్రం వాడు ఖాళీ సంచితో తిరిగొచ్చినా ఆ మర్యాదకు లోటుండదు. సంచి ఖాళీ కావడానికి ఎండ, గాలి, మబ్బు, పక్కవాడి ఫోను, ఇలా సవాలక్ష కారణాలు. రింగు మాత్రం ఎప్పుడూ నిర్దోషే.

గైడ్లంటే మరేమీ కాదు. రాడ్ పొడవునా దారంతో చుట్టి బిగించిన రింగులు. రీలు నుంచి వచ్చే తీగ వాటిలోంచి కొస దాకా వెళ్తుంది. వీటి మీద మనవాళ్ల సిద్ధాంతం బహు సులువు: రింగు ఖరీదైతే గాలం దూరం పడుతుంది, దూరం పడితే పెద్ద చేప పడుతుంది. ఈ లెక్కన పెద్ద చేపలన్నీ అవతలి ఒడ్డునే కాపురం ఉండాలి. అవతలి ఒడ్డున కూర్చున్న పెద్దమనిషి కూడా ఇదే నమ్మకంతో ఇటువైపు విసురుతున్నాడు. కొర్రమీను చూస్తే గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చిపోయే చేప. ఒడ్డువార నాచులోనో, గుర్రపు డెక్క నీడలోనో, విసిరేవాడి చెప్పులకు నాలుగు గజాల్లోనే ఉంటుంది. ఇద్దరి గాలాలూ దాని నెత్తి మీదుగానే వెళ్లిపోతాయి. (దూద్‌బౌలి నుంచి పేరు తెచ్చుకున్న చేప మందులో అదే కొర్రమీను పిల్ల ఏ గైడూ లేకుండా తిన్నగా గొంతులోకి దిగుతుంది. అది వేరే వ్యాసం.)

రింగు లోపలి వలయం సంగతి వచ్చేసరికి మనవాళ్ల గొంతు భక్తితో తగ్గుతుంది. "సిలికాన్ కార్బైడ్, ఉస్తాద్!" ఏ చంద్రమండలం నుంచో దిగుమతైనట్టు చెబుతారు. 1891లో ఎడ్వర్డ్ అచెసన్ అనే అమెరికావాడు కొలిమిలో తయారుచేసిన పదార్థం అది. మార్కెట్లో కార్బోరండం అంటారు. కత్తులు నూరే సానరాళ్లలోనూ అదే ఉంటుంది. బక్రీద్ ముందు గల్లీలో కత్తి పట్టించుకునేటప్పుడు దానికి ఎవరూ సలాం కొట్టరు మరి. మంచి సరుకు కాదని నేననను. అల్లిక దారం వాడేవాడికి అది కావాల్సిందే. అల్లిక దారం మెత్తటి లోహాన్ని కోసి గాడి పెడుతుంది, ఆ గాడి తిరిగి దారాన్నే కొరుకుతుంది. మనవాడి రీలులో ఉన్నది మామూలు నైలాన్ తీగ. దానికి సాదా సిరామిక్ రింగు ఎక్కువా తక్కువా కాదు, సరిగ్గా సరిపోతుంది.

ఇక టైటానియం ఫ్రేము. ఉప్పునీటికి తుప్పు పట్టదట. సంతోషం. హైదరాబాద్ నుంచి సముద్రం చూడాలంటే రోడ్డున 300 కిలోమీటర్ల పైమాటే. మన రాడ్‌కు తగిలే ఉప్పల్లా జేబులోని పల్లీల పొట్లంలోదే. టైటానియం తేలిక, అదొక్కటీ ఒప్పుకోవాలి. కొసన పెడితే పనికొస్తుంది. మనవాడు దాన్ని పిడి దగ్గర పెట్టిస్తాడు, నలుగురికీ కనబడాలని.

అలాంటి ఒక రాడ్ నా చేతికొచ్చింది. ఎనిమిది అడుగుల కార్బన్ కర్రకు అయిదే రింగులు. అడుగుకొకటి, పైన ఇంకొకటి అన్నది రాడ్ కట్టేవాళ్ల పాత లెక్క. దాని యజమాని వేయించినవి మరీ ఖరీదైనవి కావడంతో ఆరోదానికి డబ్బు చాలలేదు. మొదటి రింగు చిన్నది, పైగా రీలుకు మరీ దగ్గర. స్పిన్నింగ్ రీలు నుంచి తీగ చుట్టలు చుట్టలుగా ఎగిరొస్తుంది. వాటిని నెమ్మదిగా ఇరుకు చేసి దారిలో పెట్టడం మొదటి రింగు పని. ఇక్కడ అవి రింగుకు టపటపా కొట్టుకుని అక్కడే ఊపు చచ్చిపోతున్నాయి. కొసన ఒంటికాలు గైడ్లుండాల్సిన చోట రెండు కాళ్లవి వేశారు. రెండు కాళ్లకు రెండు కట్లు, కట్టు కట్టుకూ ముద్దగా ఎపాక్సీ. పిడి దగ్గర గ్రాము బరువు ఎవరికీ తెలియదు. కొసన అదే గ్రాము రాడ్ చురుకుతనాన్ని మింగేస్తుంది. గాలం నీళ్లలో పడ్డాక కూడా ఆ కొస ఇంకా సలాములు చేస్తూనే ఉంది.

రాడ్ వంచి చూస్తే అసలు బండారం బయటపడింది. కర్ర విల్లులా వంగుతుంటే, తీగ దాని వెంట వంగకుండా రింగు నుంచి రింగుకు అడ్డదారి పట్టింది. బరువు కర్ర పొడవునా పంచుకోకుండా రెండు మూడు చోట్లే పడుతోంది. పెద్ద బొచ్చె తగిలిన రోజున ఆ కర్ర విరిగేది అక్కడే.

జూపార్కు పక్కనున్న మీర్ ఆలం చెరువు కట్ట చూడండి. కట్టి 200 ఏళ్లు దాటింది. 21 కమానులు వరుసగా నిలబడి నీటి తోపుడును తలా కొంత పంచుకుంటున్నాయి. ఏ కమానుకు ఎంత ఖరీదు రాయి పెట్టారని ఎవరూ అడగరు. ఎంత వంపు, ఎంత ఎడం అన్నదే అక్కడ పనిచేసింది. రాడ్ మీద రింగుల సంగతీ అంతే. కానీ ఎడానికి బిల్లు వేయలేం కదా, అందుకే దుకాణంలో దాని ఊసెత్తరు. రింగు పేరుకైతే వేయొచ్చు.

కాబట్టి రాడ్ కట్టించుకోబోయే సోదరులకు ఒక మనవి. రింగులను కర్రకు ముందు టేపుతో అంటించమనండి. తీగ ఎక్కించి, చివర బరువు కట్టి, మీ కళ్లముందే వంచమనండి. తీగ కర్ర వంపును విడిచి దూరం జరిగిన చోట ఇంకో రింగు అడగండి, చవకదైనా సరే. పాత రింగులైతే ప్రతిదానిలోంచీ కాస్త దూది లాగి చూడండి. పోగు చిక్కుకుందంటే అక్కడ బీట ఉన్నట్టే. ఇదంతా అయ్యాకే దారం చుట్టనివ్వండి. పర్సు ఆ తర్వాతే తీయండి.