పళ్ళు లెక్కపెట్టే మనిషి

హైదరాబాద్‌లో ప్రతి సైకిల్ గ్రూపులోనూ ఒకాయన ఉంటాడు. వయసు నలభై దాటి, యాభైకి చేరనని మొరాయిస్తూ ఉంటుంది. ఉద్యోగం గచ్చిబౌలి వైపు. ఆదివారం తెల్లారేసరికి నార్సింగి దగ్గర, సోలార్ కప్పు కింద వేసిన సైకిల్ ట్రాక్ మీద దొరుకుతాడు. ఎవరైనా కొత్త బండి తెస్తే అందరూ రంగు చూస్తారు, ధర అడుగుతారు. ఈయన మాత్రం సంతలో ఎద్దును బేరమాడే రైతులాగా వంగి, వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తి, అంటే క్యాసెట్‌లో, పెద్దదాని పళ్ళు లెక్కపెడతాడు. “ముప్ఫయ్యేనా?” అని పెదవి విరిచి, “పర్లేదులెండి, మీది కుర్రవయసు” అంటాడు.

ఈ జ్ఞానం ఊరికే రాలేదు. బండి కొన్నరోజున షాపులో కుర్రాడు “కాంపాక్ట్ తీస్కోండి సార్, ముందు 50-34 పళ్ళ రింగులుంటయ్, గుట్టలెక్కుడు అల్కగ ఉంటది” అని చెప్పనే చెప్పాడు. ఈయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. ముందు 52-36, వెనక 11-30 ఉన్న రేసు బండే కావాలన్నాడు. ఆ పౌరుషం వికారాబాద్ దాకా చక్కగా పనిచేసింది. ఆ తర్వాత అనంతగిరి వచ్చింది.

అనంతగిరి ఏమన్నా ఆల్ప్స్ పర్వతమా అంటే కాదు. పద్మనాభస్వామి దర్శనానికి పిల్లాపాపలతో వెళ్ళొచ్చే కొండ. కానీ ఎక్కుడు మొదలైన కాసేపటికే ఆయన కుడిచేతి వేలు లీవరు నొక్కుతుంది. టక్. ఒక గేరు తగ్గింది. నాలుగు తొక్కుళ్ళయ్యాక మళ్ళీ టక్. చైను అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి చేరిపోయాక కూడా ఆ వేలు ఊరుకోదు, ఇంకోసారి నొక్కుతుంది. ఈసారి చప్పుడు రాదు. అప్పుడాయన తల వంచి, చంక సందులోంచి వెనక్కి చూస్తాడు. చూసేవాళ్ళకి టైరులో గాలి చూసుకుంటున్నట్టుంటుంది. నిజానికి ఇంకొక్క గేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమోనని ఆశ. లేదని తెలుసు. అయినా వంద గజాలకోసారి చూస్తూనే ఉంటాడు.

దిగొచ్చాక టీ కొట్టు దగ్గర లెక్క మొదలవుతుంది. ముందు 36, వెనక 30 అంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం 1.2 చుట్లు తిరుగుతుంది, బండి రెండున్నర మీటర్లు పోతుంది. అదే ముందు 34, వెనక 34 అయితే చుట్టుకి చుట్టే, 2.1 మీటర్లు. గంటకి ఏడున్నర కిలోమీటర్లతో కొండెక్కేవాడి కాళ్ళు మొదటిదాంట్లో నిమిషానికి 50 సార్లు తిరిగితే, రెండోదాంట్లో 60 సార్లు తిరుగుతాయి. ఒక్కో తొక్కుకి మోకాలి మీద పడే బరువు ఆ మేరకు తగ్గుతుంది. ఇందులో అక్షరం పొల్లు లేదు. “నేను ఎక్కలేకపోయాను” అన్న ఒక్క మాట తప్ప అన్నీ చెబుతాడు. అడిగితే, నాకోసం కాదండీ, కేడెన్స్ కోసం, అంటే నిమిషానికి కాళ్ళు తిరిగే లెక్క కోసం అంటాడు. 2021లో వచ్చిన షిమానో కంపెనీ డ్యూరా-ఏస్ గేర్ల సెట్‌లోనే 11-34 పెట్టారండీ, ప్రొఫెషనల్స్ వాడే సరుకది అంటాడు. ఇంకాస్త అల్లం టీ పోయిస్తే చరిత్రలోకి దిగుతాడు. టూర్ ద ఫ్రాన్స్‌లో చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే డిరైలర్లు 1937 దాకా వేసుకోనివ్వలేదట. పందెగాళ్ళు కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో పక్కనున్న పెద్ద పళ్ళచక్రం వైపుకి తిప్పి బిగించుకునేవాళ్ళట. నిజమే. ఆ పందెం పెట్టిన ఆంరీ దెగ్రాంజ్ గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేనని వాదించిన మనిషి. ఆ నలభై అయిదు ముక్క మాత్రం మనాయన నోట రాదు.

చివరికి గేర్లు మార్పించాడు. పెడళ్ళుండే క్రాంకు అదే ఉంచి ముందు 50-34 రింగులు, వెనక 11-34 క్యాసెట్. పార్సిళ్ళు వాచ్‌మన్ దగ్గర దింపించాడు. అయినా ఇల్లాలి కంట పడనే పడ్డాయి. “ఇరవై నాలుగు గేర్లన్నారు, అందులో ఒక్కటీ పనికిరాలేదా?” అని ఆవిడ అడిగిన ప్రశ్నకి ఇంతవరకూ జవాబు లేదు. మెకానిక్ చైను కూడా మార్చాలన్నాడు: “పాత పొడుగే ఉంచినమనుకోండి సార్, పొరపాటున ముందు పెద్దది, వెనక పెద్దది ఒక్కసారే పడ్డయంటే డిరైలర్ ఇరుగుతది.”

అంతటితో ఆగితే ఆయన ఆయనే కాదు. వెనక 36 పడుతుందా అని అడిగాడు.

“మీది షిమానోల అల్టెగ్రా రకం కదా సార్, దాని డిరైలర్‌కి కంపెనీ 34 దాకనే రాసింది. 36 కావాల్నంటే 105 రకం డిరైలర్ ఏసుకోవాలె.”

105 అంటే ఒక మెట్టు చవక సరుకు. ఆయన మొహం కందగడ్డయింది. పోనీ ముందు రింగు ఇంకా చిన్నది దొరకదా అన్నాడు.

“మీ బండికి పడే షిమానో రోడ్ క్రాంకుల 34తోని ఖతం. గ్రావెల్ జీఆర్‌ఎక్స్‌ల 31, 30 ఉంటయ్. మరి చైను పోయే గీత, చైన్‌లైన్, రెండున్నర మిల్లీమీటర్లు బయటికి జరుగుతది, సూస్కోవాలె.”

గ్రావెల్! కార్బన్ రోడ్ బండికి మట్టిరోడ్డు సైకిలు క్రాంకా? రేపు గ్రూపులో నలుగురూ చూస్తే? కొండలెక్కలేనివాడికి కావలసిన గేర్లన్నీ చవక మెట్లలోనూ మట్టిరోడ్డు బళ్ళలోనూ పెట్టడం కంపెనీ తనమీద కక్షగట్టి చేసిన పనేనని ఆయన నమ్మకం.

కొత్త గేర్లతో మళ్ళీ అనంతగిరి ఎక్కాడు. ఈసారి ఆగలేదు, నిజంగానే ఆగలేదు. కాకపోతే 60 చుట్లు అనుకున్నవి 40కి దిగాయి. ముందు 34, వెనక 34లో నిమిషానికి 40 చుట్లంటే గంటకి ఐదు కిలోమీటర్లు, మనిషి నడక. వెనక పద్దెనిమిది పళ్ళ ఒంటి గేరు సైకిలు తాత ఒకాయన, ఎక్కుడు రాగానే సిగ్గూ ఎగ్గూ లేకుండా దిగి తోసుకుంటూ ఈయన పక్కనే నడిచాడు.

“సారూ, దిగి నడువరాదు? ఇద్దరం ముచ్చట పెట్టుకుంట పోదుం.”

“లేదు తాతా, కేడెన్స్ పోతుంది.”

“పోతె పోనియ్, మల్ల దొరుకుతదిలే.”

నన్నడిగితే ఆయన గేర్లు మార్చడం నూటికి నూరుపాళ్ళూ సరైన పని. మొదటిరోజున ఆ షాపు కుర్రాడి మాట వినకపోవడమే ఖర్చు. మీరు రోడ్ సైకిలు కొనబోతుంటే, బిల్లు కట్టకముందే ముందు 34, వెనక 34 ఉన్న బండి చూపించమనండి. తర్వాత మార్పిస్తే రింగులు, క్యాసెట్, చైను, మూడిటికీ విడిగా డబ్బు పెట్టుకోవాలి. అడగడానికి మొహమాటపడకండి. పాత 52-36 రింగులు ఎవరికైనా అంటగడదామని ఆయన ఆ షాపు చుట్టుపక్కలే తిరుగుతుంటాడు, వాటిని మాత్రం కొనకండి.