రీజాయిన్ దొరవారికి ఒక ఫిర్యాదు

రీజాయిన్ దొరవారి సముఖానికి,

సెలవు ముగిసి డ్యూటీలో చేరితే మీరే. వాట్సాప్ గ్రూపులోంచి అలిగి వెళ్లినవాడు మళ్లీ వచ్చినా మీరే. అంతవరకు ఓర్చుకున్నాం. మొన్న సంక్రాంతికి మా పిన్ని ఇంట్లోనే చొరబడ్డారు.

పిన్ని కొడుకులిద్దరూ గట్టు తగువుతో కోర్టుకెక్కారు. పండగ ముందు వకీలు గుమాస్తా ఫోన్ చేసి, ‘పెద్దబాబు రిజాయిండర్ వేశారమ్మా’ అన్నాడు. మనవడి నోట మీ పేరు విని ఉన్న పిన్ని, ‘ఓలమ్మా, నా గుంటలు కలిసిపోనారు!’ అని వీధంతా అరిసెలు పంచింది. సాయంత్రానికి సంగతి తేలింది. తమ్ముడి కౌంటరు మీద అన్న ఇంకో నాలుగు పేజీల జవాబు దాఖలు చేశాడట.

ఉండబట్టలేక మీ జాతకం తీశాను. మూలం లాటిన్ ‘యుంగెరె’, అంటే జతచేయడం. పెంపకం ఫ్రెంచివారింట. మన ‘యోగం’ మీకు దూరపు దాయాది. కాడిని సంస్కృతంలో ‘యుగం’ అనడమూ ఆ చుట్టరికమే. ఇంత మంచి వంశంలో పుట్టి, ఇంగ్లీషులోకి మాత్రం కోర్టు గుమ్మంలోంచి వచ్చారు. 15వ శతాబ్దంలో మీ వృత్తి ఎదుటివాడి వాదనకు బదులు చెప్పడం. విడిపోయినవారు మళ్లీ కలవడమనే అర్థం 16వ శతాబ్దంలో గానీ మీకు అబ్బలేదు. ముందు తగువు, తరవాత పొత్తు!

మా వంగర మండలం సంగంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. 2022లో ఆ మండలాన్ని శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మార్చారు. జిల్లా మారినా ‘సంగం’ అర్థం మారలేదు. ఆ ఊరి పేరు విని ఎవరూ పొరబడి అరిసెలు పంచరు.

అలాగని మిమ్మల్ని వెళ్లగొట్టమనను. 1863లో ఈ సీమలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనం నోట ఆడే మాటకే పట్టం కట్టమన్నారు. మీరూ జనం నోట ఆడుతున్నారు, ఏం చేస్తాం! కోరేది ఒక్కటే. కోర్టులో ఉన్నప్పుడు ‘ఎదురు జవాబు’ అని చెప్పుకోండి; ‘కలవడం’ మాటను మా పిన్నికి వదిలేయండి.

జవాబు నుంచి కలయిక దాకా రావడానికి మీకు సుమారు నూరేళ్లు పట్టింది. మా పిన్నికి డెబ్బై నిండాయి. కాస్త తొందరగా కానివ్వండి.

ఇట్లు,
ఆ అరిసెలు తిన్న సాక్షి,
విజయనగరం