మామ్మ కుట్టిన బొంత

నేను బొంతని. కట్టి కట్టి మెత్తబడ్డ నాలుగు నేతచీరలు ఒకదాని మీద ఒకటి పరిచి మామ్మ నన్ను కుట్టింది. మొదట మనవడి కింద వేశారు. రోజుకి పదిసార్లు తడిపేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత పక్షవాతంతో మంచానపడ్డ తాతయ్య కింద రెండేళ్ళున్నాను. అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు నా మీద రాణి పడుకుంటోంది. లాబ్రడార్, 13 ఏళ్ళు. పిల్లప్పుడు నేర్చుకున్నాక ఇంట్లో ఒక్కచుక్క పొయ్యని కుక్క. ఒకరోజు తెల్లారగట్ల లేచి, తన కింద తడి వాసన చూసుకుని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తలుపు వెనక్కి పోయింది. మామ్మ కొడుకు దాన్ని గట్టిగా కసిరాడు. ఆ రాత్రి నీళ్ళ గిన్నె కూడా తీసేశాడు. రాణి స్నానాలగదిలోకెళ్ళి తడి గచ్చు నాకింది.

మామ్మ చూసింది. "మీ నాన్న తడిపినప్పుడూ ఇలాగే అరిచావుట్రా?" అంది.

ఆయన మాట్లాడలేదు. తనే గిన్నె నింపి పెట్టాడు. పొద్దున్నే తనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు మొదట అడిగింది ఒకటే: "మెలకువలో పోస్తోందా, నిద్రలో కారుతోందా?" షుగరు, ఇన్ఫెక్షను, కిడ్నీ జబ్బు ఉన్నాయేమోనని మూత్రం, రక్తం పరీక్ష చేయించారు. అవేవీ లేవు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసిన ఆడకుక్కల్లో కొన్నిటికి ఈస్ట్రోజెన్ తగ్గి, మూత్రాన్ని పట్టి ఉంచే కండరం వదులవుతుందట. నిద్రలో ఒళ్ళు వదిలేసినప్పుడు కారిపోతుంది. కారినట్టు దానికి తెలియను కూడా తెలియదు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపొద్దన్నారు. కిడ్నీ జబ్బున్న కుక్కకైతే అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ కండరానికి బిగువునిచ్చే మాత్రలు రాశారు. రోజూ తడిసే నేను ఇప్పుడు వారానికి ఒకటి రెండుసార్లే తడుస్తున్నాను.

నా కింద తాతయ్య రబ్బరుషీటే వేశారు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మామ్మ కొడుకు రాణిని వీధిలోకి తీసుకెళతాడు. కీళ్ళు పట్టేసి లేవలేకపోతే పొట్ట కింద తువ్వాలు వేసి నడుము ఎత్తిపడతాడు. తడిసిన రోజున కోడలు దాని తొడలు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పొడిగా తుడుస్తుంది. తుడవకపోతే చర్మం ఒరిసి పుండవుతుంది. కడుగుతున్నంతసేపూ రాణి తల పక్కకి తిప్పుకుంటుంది. తాతయ్యా అలాగే గోడవైపు చూసేవాడు. ఆ సంగతి నాకూ మామ్మకీ తప్ప ఎవరికీ గుర్తులేదేమో. రాణి తల తిప్పుకున్నప్పుడల్లా మామ్మ దాని చెవులు నిమురుతూ పక్కనే కూర్చుంటుంది.

నేను ఆరేలోపు పరచడానికి ఇంకొకటి కావాలని మామ్మ పెట్టెలోంచి మరో నాలుగు చీరలు తీసింది. కళ్ళు సరిగ్గా కనపడక సూదిలోకి దారం కొడుకు చేత ఎక్కించుకుంది. ఇవాళ నేను దండెం మీదున్నాను. రాణి కొత్త బొంత మీద పడుకుంది.