ఆస్కా రోడ్డు ఇంట్లో షుగర్ బోర్డు

ప్రభుత్వం కొన్ని పన్నులు నన్ను దృష్టిలో పెట్టుకునే వేస్తుందని నాకెప్పటినుంచో అనుమానం. 2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లతో అది రూఢి అయింది. సబ్బుకు తగ్గింది, షాంపూకు తగ్గింది, టూత్‌పేస్టుకూ తగ్గింది. గ్యాసు కొట్టిన తీపినీళ్లకు మాత్రం నలభై శాతం! పాన్‌మసాలాకు, గుట్కాకు కేటాయించిన శ్లాబులోనే నా కూల్‌డ్రింకునూ కూర్చోబెట్టారు.

ఈ వార్త ఇంట్లో నేనే చదివి వినిపించాను. "ప్రభుత్వమే వద్దన్నాక వినాలి కదా, ఇవాళ్టినుంచి మానేస్తున్నా" అన్నాను. మా ఆవిడ నన్ను కొత్తగా చూసింది. నిజానికి అంతకుముందూ ఆ పన్ను నలభయ్యే. 2017 నుంచీ 28 శాతం జీఎస్టీ, ఆపైన 12 శాతం సెస్సు కడుతూనే తాగుతున్నాను. ఇప్పుడు రెండూ కలిపి ఒకే పేరు పెట్టారు, అంతే. అడిగితే చెప్పేవాణ్ణే. ఆవిడ అడగలేదు.

నా త్యాగానికి అసలు కారణం అదే పేజీలో కింద ఉంది. పండ్ల గుజ్జు, పండ్లరసం కలిపిన పానీయాలకు పన్నెండు నుంచి ఐదు శాతానికి దించారు. సర్కారువారు తాగమన్నట్టే కదా! మర్నాటినుంచి ఫ్రిజ్‌లో కోలా స్థానంలో మామిడి రసం వెలిసింది. "పండే కదా, మంచిదే" అంది మా ఆవిడ. డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది చదవడానికి ఆవిడ దగ్గర కళ్లజోడు లేదు. నా దగ్గర ఉంది గానీ, తీయలేదు. కోలాలో వంద మిల్లీలీటర్లకు పది పదకొండు గ్రాముల పంచదార ఉంటుంది. మా మామిడి రసం దానికేమీ తీసిపోదు. మన పన్ను చూసేది బుడగల్ని; పంచదార బొత్తిగా లేని డైట్ కోలాకూ నలభై శాతమే.

ఇంగ్లండువాళ్లు ఇంకో దారి పట్టారు. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ వంద మిల్లీలీటర్లలో పంచదార ఐదు గ్రాములకు చేరితే ఒక రేటు, ఎనిమిదికి చేరితే అంతకన్నా పెద్ద రేటు. దాంతో కంపెనీలే భయపడి చాలా పానీయాల్లో తీపి తగ్గించేశాయి. తాగేవాడు సోఫాలోంచి లేవక్కర్లేకుండా వాడి ఆరోగ్యం బాగుచేసే చట్టమది. నాలాంటివాణ్ణి మార్చగలమనే భ్రమ అది రాసినవాళ్లకు లేదు. అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

మా ఇంటి చట్టం అంత దయగలది కాదు. 2025 మే నెలలో సీబీఎస్ఈ వారు బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమన్నారు. ఏ పానీయంలో ఎంత పంచదార ఉందో, రోజుకు ఎంత మించకూడదో పిల్లలకు కనబడేలా రాయాలట. మా అమ్మాయి ఆ బోర్డు ఇంటికి తెచ్చేసింది. ఫ్రిజ్ తలుపు మీద అట్టముక్క, దాని మీద తేదీ, పానీయం, చెంచాలు. ఇంట్లో నలుగురం ఉంటే గడులు మాత్రం 'నాన్న' ఒక్కడికే.

"రోజుకు ఆరు చెంచాల్లోపు అయితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, నాన్నా."

"వాళ్లు బరంపురం ఎండ చూశారా?"

ఎండ అన్నాక గుర్తొచ్చింది. ఓఆర్ఎస్! గోపాల్‌పూర్ నుంచి వచ్చే ఉప్పుగాలి, ఒళ్లంతా జిడ్డు, ఆపైన చెమట. వేసవిలో మా ఊళ్లో మనిషి సగం ఆవిరే. మందుల దుకాణంలో రంగు డబ్బాలు వరసగా ఉండేవి. పేరులో ఓఆర్ఎస్ అనే మూడక్షరాలు, రుచి మాత్రం బత్తాయి. మందుల దుకాణంలో కొన్నది మందే అవుతుంది, బోర్డు మీద మందులకు గడి లేదు. 1971లో బొంగావ్ కాందిశీకుల శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనాబిస్ గారు అసలు ఓఆర్ఎస్ అయిన ఉప్పూ చక్కెరా నీళ్లతోనే కలరా రోగుల ప్రాణాలు నిలబెట్టారు. నేను వాటి పేరు పెట్టుకున్న డబ్బాలను టీవీ సీరియల్ చూస్తూ తాగేవాణ్ణి.

ఆ సుఖానికి అడ్డుపడింది ఒక డాక్టరమ్మ. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఈ డబ్బాల మీద ఎనిమిదేళ్లు పోరాడారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్లకు గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. నా డబ్బా లెక్క కడితే లీటరుకు వందకు పైమాటే. విరేచనాలవుతున్న పిల్లలకు ఇది పడితే నయం కావడం అటుంచి నీళ్లు ఇంకా పోతాయి. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉత్తర్వు వచ్చింది: అసలు ఓఆర్ఎస్ సూత్రం ప్రకారం లేని పానీయం పేరులో ముందూ వెనకా ఎక్కడా ఓఆర్ఎస్ అని ఉండకూడదు. పిల్లల డాక్టరు పిల్లల కోసం తెచ్చిన ఉత్తర్వు తిన్నగా వచ్చి ఈ యాభయ్యేళ్లవాడికి తగిలింది. దుకాణంలో అడిగితే, "సెయిటా ఆఉ ఆసునాహి ఆజ్ఞా" అన్నాడు కుర్రాడు ఒడియాలో. ఇక రాదుట.

నా విచారం చూసి మా అమ్మ లేచింది. "దానికేట్రా అంత బెంగ? నేను కలుపుతానుండు." లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. ఉప్పుకు మా జిల్లాలో హుమ్మా ఉప్పుమళ్లున్నాయి. పంచదారకు ఆస్కా ఉంది. మించిన్ దొర 19వ శతాబ్దంలోనే చక్కెర ఫ్యాక్టరీ నడిపిన ఊరది, ఇప్పుడు సహకార మిల్లు. మేం ఉండేదే ఆస్కా రోడ్డులో. గంజాం జిల్లా మొత్తం కలిసి నా కోసం తయారుచేసిన ఆ నీళ్లు ఒక్క గుక్క తాగాను. కన్నీళ్లలో పంచదార కలిపినట్టుంది. ఈ చెంబెడు నీళ్లలో ఉన్న పంచదార నా పాత చిన్న డబ్బా ఒక్కదానిలోనే ఉండేదని మా అమ్మాయి అక్కడే లెక్కగట్టి చెప్పింది. దాహం తీరిపోయింది.

ఏప్రిల్‌లో ఒడియావాళ్ల పణా సంక్రాంతి వచ్చింది. తులసికోట మీద చిల్లికుండ కట్టారు, వీధిలో పిలిచి మరీ పణా పోశారు. ఇంట్లో అమ్మ మారేడు గుజ్జు పిసికి, కొబ్బరి, అరటిపండు, మిరియాలు, బెల్లం వేసి గిన్నెడు చేసింది. మా అమ్మాయి చెంచాతో సహా హాజరైంది.

"బెల్లం ఎంత వేశావు నాన్నమ్మా?"

"దేవుడికి పెట్టినదానికి లెక్కలేటే?"

మా ఆవిడ అప్పటికే రెండో గ్లాసు అందుకుంది గనక ఆ పూటకు బోర్డుకు సెలవు ప్రకటించారు. ఇంటికొచ్చిన ఆడిటరు మిత్రుడు మాటల్లో, గుళ్లో ఇచ్చే ప్రసాదానికి జీఎస్టీ సున్నా అన్నాడు. లేబులూ ఉండదు, వంద మిల్లీలీటర్ల గోలా ఉండదు. అప్పటినుంచి నాకు భక్తి ముదిరింది. సాయంత్రమైతే ఏదో ఒక గుడిలో పానకమో పరమాన్నమో పెట్టే వేళకు లైన్లో ఉంటున్నాను. "వయసుతోపాటు ఆయనకూ దేవుడి మీదకు మనసు మళ్లింది" అని మా ఆవిడ ఇచ్ఛాపురంలో వాళ్లక్కకు ఫోన్‌లో చెబుతోంది. మా అమ్మాయి మాత్రం బోర్డు మీద కొత్త గడి గీసి, పైన 'గుడి' అని రాసింది.